షావుకారుపేట వీధులు – కళకు తెరుచుకున్న తలుపులు

చెన్నపట్నంలోని సౌకార్‌పేటను తెలుగువారు షావుకారుపేట అని పిలవడం పరిపాటి. వడ్డీ వ్యాపారులు, వర్తకులు నివసించిన పేట కనుక ఆ పేరు వచ్చింది. ఇక్కడా, దీన్ని ఆనుకొని ఉన్న జార్జి టౌన్ వీధుల్లోనూ వర్తకం ఒక్కటే సాగలేదు. సంగీతం, నాటకం, చలనచిత్రం కూడా వర్ధిల్లాయి. నగర జీవితంలోని ఈ సుఖాలు ఎవరికి అందాయి అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

19వ శతాబ్ది తొలి సగంలో త్యాగరాజస్వామి చెన్నపట్నం వచ్చినప్పుడు కోవూరు సుందరేశ మొదలియారు ఆయనకు బందరు వీధిలోని తన ఇంట ఆతిథ్యమిచ్చాడు. ఆ కాలంలో సంగీతానికి ఆశ్రయం గుడి, లేదా సంపన్నుని చావడి. చావడిలోకి వెళ్ళాలంటే పరిచయం కావాలి. ఇక గుడి విషయానికొస్తే, 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చేవరకు నిమ్న కులాలుగా ఎంచబడినవారికి అందులో అడుగుపెట్టడం హక్కు కాదు. వీధిలో ఊరేగింపు వెంట వచ్చే నాదస్వరం మాత్రం ఎవరి చెవినైనా పడేది.

వీణ ధనమ్మాళ్ (1867–1938) కచేరీలు మరొక దశకు గుర్తు. జార్జి టౌన్‌లోని రామకృష్ణ చెట్టి వీధిలో ఆమె ఇంట శుక్రవారం సాయంత్రాలు వీణాగానం జరిగేది. స్థలం తక్కువ, నియమం ఎక్కువ. చిన్న అలికిడిని కూడా సహించని సభ అది. మువ్వ క్షేత్రయ్య తెలుగు పదాలు అక్కడ అపూర్వంగా నిలిచాయి. వాటిని విని తలలూపిన రసికులలో చాలామంది మాతృభాష తెలుగు కాదన్నది గమనించదగిన విషయం.

టిక్కెట్టు పద్ధతితో పరిస్థితి మారింది. పార్క్ టౌన్‌లోని విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు శంకుస్థాపన చేశాడు. బళ్ళారి నుంచి వచ్చిన ధర్మవరం కృష్ణమాచార్యుల బృందం ఆడిన తెలుగు నాటకాలు చూసి ఉత్తేజితుడైన పమ్మల్ సంబంధ మొదలియారు 1891లో సుగుణ విలాస సభను స్థాపించాడు. తమిళ నాటకరంగానికి తెలుగు నాటకం ఇలా దారి చూపింది. టంకసాల వీధిలో తొండైమండలం సభ వంటివి కచేరీలకు వేదికలయ్యాయి.

మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య 1914లో గెయిటీ సినిమా హాలు కట్టాడు. ఆ తర్వాత టంకసాల వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ నిర్మించాడు. మూటలు మోసే కూలీ, కొట్టు యజమాని ఒకే తెర ముందు కూర్చునే వీలు ఏర్పడింది. అయితే టిక్కెట్టు కులం అడగకపోయినా డబ్బు అడిగింది. నేల, బెంచి, కుర్చీ అనే తరగతులు మనుషులను మళ్ళీ విడదీశాయి. అయినా పరిచయం, పుట్టుక అడ్డు రాని తలుపు ఒకటి తెరుచుకుందని ఒప్పుకోక తప్పదు.

మన కళాచరిత్రలు వాగ్గేయకారులను, గాయకులను, నటులను గూర్చి విస్తారంగా చెబుతాయి; విన్నవారిని, చూసినవారిని, వాకిట నిలిచిపోయినవారిని గూర్చి చెప్పేది స్వల్పం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక చెన్నపట్నం మన ఎల్లలకు బయటే ఉండిపోయింది. కాని ధనమ్మాళ్ మనుమరాళ్ళు బృంద, ముక్త, బాలసరస్వతి క్షేత్రయ్య పదాలను ఆ నగరంలోనే కాపాడారు. తెలుగునాటికి దూరంగా తెలుగు చదువుతున్న విద్యార్థులు దీన్ని ప్రత్యేకంగా గుర్తించాలి. భాష బ్రతకడానికి మాట్లాడేవారు ఎంత ముఖ్యమో, దాని పాటకు తలుపు తెరిచి పొరుగువారిని కూడా కూర్చోబెట్టుకునేవారు అంత ముఖ్యం. మీరున్న ఊళ్ళో అటువంటి తలుపులు ఏవి, అవి ఎవరికి మూసి ఉన్నాయి అని విచారించడం మంచి పరిశోధనాంశం కాగలదు.