స్టీరింగు చక్రాన్ని ఊడదీయుట - దాని వెనుకనున్న చరిత్ర

ధర్మవరం నుండి హిందూపురం పోవు దారిలో పెనుకొండ ఉన్నది. 1565లో తళ్లికోట యుద్ధం జరిగిన పిమ్మట విజయనగర ప్రభువులు తమ రాజధానిని ఈ ఊరికే మార్చుకొన్నారు. ఆ పెనుకొండ మండలంలోనే, ఎర్రమంచి గ్రామం వద్ద నెలకొల్పిన కియా కర్మాగారం నుండి 2019 ఆగస్టు 8వ తేదీన మొదటి కారు వెలువడినది. అంతకు చాలాకాలం ముందు నుండియు ఈ రోడ్ల మీద అంబాసిడర్ కార్లు తిరిగినవి. 1950ల చివర తయారగుట మొదలైన ఆ కారు 2014లో ఆగిపోయినది.

ఈ రెండు కార్లలోను డ్రైవరు చేతిలో ఉండేది గుండ్రని చక్రమే. చూచుటకు పెద్ద భేదం కనబడదు. కాని దానిని ఊడదీయవలసి వచ్చినప్పుడు మేస్త్రీ ఒకదాని దగ్గర చేసిన పనిని రెండవదాని దగ్గర చేయరాదు. చేసినచో ప్రాణాపాయం కలుగవచ్చును. ఇట్లు ఎందుకైనదో తెలియుటకు ఆ చక్రం చరిత్ర తెలియవలెను.

ఎద్దులబండికి స్టీరింగు అక్కరలేదు. ఎద్దులు తిరిగిన వైపునకు కాడి తిరుగును, దానితో బండియు తిరుగును. నాలుగు చక్రాల దేవుని రథం సంగతి వేరు. మలుపు వచ్చినప్పుడు చక్రాల క్రింద కొయ్య దిమ్మెలు పెట్టి దానిని కొంచెం కొంచెంగా త్రిప్పుట మన ఊళ్లలో అందరు చూచినదే. నాలుగు చక్రాల బండిని త్రిప్పుట అంత కష్టం. మ్యూనిక్ నగరంలో బండ్లు తయారుచేయు లాంకెన్‌స్పెర్గర్ 1817లో దీనికొక ఉపాయం కనిపెట్టెను. ముందు ఇరుసు మొత్తాన్ని త్రిప్పుటకు బదులు, దాని రెండు కొనల వద్ద రెండు చక్రాలను విడివిడిగా త్రిప్పవచ్చును. మలుపు లోపలివైపు చక్రం ఎక్కువగాను, వెలుపలి చక్రం తక్కువగాను తిరుగును. 1818లో లండనులో ఆయన తరపున అకెర్‌మన్ పేటెంటు తీసికొనుటచే ఆ ఏర్పాటుకు అకెర్‌మన్ పేరే నిలిచినది. నేటి కార్లలోను ఉన్నది ఆ సూత్రమే.

మొదటి కార్లలో త్రిప్పుటకు చక్రం లేదు. పడవ చుక్కాని పిడి వంటి ఒక కడ్డీ ఉండెడిది. వేగం పెరిగినకొద్దీ రోడ్డు మీది ప్రతి గుంత అదురు ఆ కడ్డీ ద్వారా నేరుగా చేతికి తగిలెడిది. 1894లో పారిస్ నుండి రూఆన్ వరకు జరిగిన కార్ల పోటీలో వాషెరాన్ అను ఆయన తన పనార్డ్ కారుకు కడ్డీకి బదులు చక్రం అమర్చుకొని వచ్చెను. 1898 నాటికి పనార్డ్ సంస్థ తన కార్లకు చక్రాన్నే పెట్టసాగినది. చక్రం వచ్చుటతో దానికి, ముందు చక్రాలకు నడుమ పండ్ల చక్రాలు పెట్టుటకు వీలైనది. ఉదాహరణకు చేతిలోని చక్రం 3 చుట్లు, అనగా 1080 డిగ్రీలు తిరిగినప్పుడు ముందు చక్రాలు 72 డిగ్రీలే తిరిగెననుకొందాం. నిష్పత్తి 15. చేయి ఎక్కువ దూరం తిరిగినందున తక్కువ బలంతోనే పని జరుగును. రోడ్డు అదురు కూడ ఆ మేరకు తగ్గి చేతికి అందును.

ఇక బిగింపు మాట. చక్రం నడుమ రంధ్రం, అది ఎక్కే కడ్డీ కొన, రెండును అనేక పాత కార్లలో కొంచెం శంకువు ఆకారంలో చేయబడినవి. మరికొన్నింటిలో సన్నని గాడులు ఉండును. పైన ఒక నట్టు బిగింతురు. విచిత్రమేమనగా నట్టు తీసివేసినను చక్రం ఊడిరాదు. సీసాకు గట్టిగా బిగించిన బిరడా దానంతట అది పైకి రాదు గదా! కారణం ఘర్షణ. ఉక్కుకు ఉక్కుకు మధ్య ఘర్షణ గుణకం 0.15 అనుకొన్నచో దానికి సరిపడు కోణం సుమారు 8.5 డిగ్రీలు. శంకువు వాలు అంతకంటె తక్కువైనప్పుడు ఒకసారి బిగిసినది దానంతట వదలదు. విద్యార్థులు ఒక పలక మీద చెక్కముక్క నుంచి, పలకను మెల్లగా ఎత్తుచు, ముక్క జారుట ఆరంభమైన కోణాన్ని కొలిచి ఈ సంగతిని స్వయంగా తెలిసికొనవచ్చును.

అందువలన పుల్లరు అను పనిముట్టు అవసరమైనది. దాని చేతులు చక్రాన్ని పట్టుకొనును. నడిమి మరబోల్టు కడ్డీ కొనను నెట్టును. మర ఒక చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు ముందుకు పోవుననుకొందాం. పానా పొడవు 200 మిల్లీమీటర్లు అయినచో చేయి ఒక చుట్టుకు 1257 మిల్లీమీటర్లు తిరుగును. అనగా బలం సుమారు 838 రెట్లు. ఘర్షణలో చాల భాగం పోయి ఎనిమిదవ వంతే మిగిలినను, 10 కిలోల బలంతో త్రిప్పిన చేయి సుమారు 1000 కిలోల బలంతో లాగును. అనుభవజ్ఞుడు నట్టును పూర్తిగా తీయక రెండు మూడు చుట్లు ఉంచును. లేనిచో చక్రం ఒక్కసారిగా వదలి ముఖానికి తగులును. చక్రానికి, కడ్డీకి కలిపి ఒక గుర్తు గీసికొన్న పిమ్మటనే తీయును.

పుల్లరు లేనివారు కడ్డీ కొన మీద సుత్తితో కొట్టుట కూడ ఉన్నది. పాత కార్లలో దానివలన మర పాడగును, క్రిందనున్న బేరింగులు దెబ్బతినును. కాని ఆ కాలపు కడ్డీలో అంతకంటె పెద్ద దోషం వేరొకటి ఉండెను. అది ఏకఖండంగా కారు ముందుభాగం నుండి డ్రైవరు రొమ్ము ఎదుటి వరకు వచ్చిన ఉక్కు కడ్డీ. ముందునుండి గ్రుద్దుకొన్నప్పుడు అది ఈటెవలె వెనుకకు చొచ్చుకొని వచ్చెడిది. అమెరికాలో 1965లో రాల్ఫ్ నేడర్ వ్రాసిన పుస్తకం ఇటువంటి లోపాలను ప్రజల దృష్టికి తెచ్చినది. 1967 నమూనాల నుండి జనరల్ మోటార్స్ సంస్థ కార్లలో, దెబ్బ తగిలినప్పుడు ముడుచుకొనిపోవు కడ్డీ వచ్చినది. 1968లో అటువంటి రక్షణ అచ్చట చట్టమైనది.

ముడుచుకొనుటకు చేసిన ఉపాయం గమనింపదగినది. ఒకదానిలో ఒకటి దూరు గొట్టాలను ప్లాస్టిక్ చీలలతో కలిపిరి. గట్టి దెబ్బ తగిలిన క్షణంలో ఆ చీలలు తెగి, గొట్టం లోపలికి పోవును. కాని గట్టి దెబ్బ ప్రమాదం వలన వచ్చినదో, మేస్త్రీ సుత్తి వలన వచ్చినదో ఆ చీలకు తెలియదు! సుత్తి దెబ్బకు చీల తెగినచో రక్షణ ఏర్పాటు నిష్కారణంగా చెడిపోవును. పైకి ఏమియు కనబడకపోవచ్చును. పుల్లరు అంతకు పూర్వం సౌకర్యం మాత్రమే. ఈ కార్లతో అది విధి అయినది.

తరువాతి మార్పు 1980ల ఆరంభంలో వచ్చినది. మెర్సిడెస్ సంస్థ స్టీరింగు చక్రం నడుమనే గాలిసంచిని పెట్టెను. గ్రుద్దుకొన్నప్పుడు ఒక చిన్న మందుగుండు అంటుకొని, సెకనులో నూరింట కొన్ని భాగాలలోనే సంచి వాయువుతో ఉబ్బును. మన దేశంలో 2019 జూలై 1 నుండి కొత్త కార్లలో డ్రైవరు ముందు గాలిసంచి తప్పనిసరి అయినది. ఎర్రమంచిలో మొదటి కారు బయటకు వచ్చినది ఆ మరుసటి నెలలోనే. కనుక ఇటువంటి కారు చక్రాన్ని తీయునప్పుడు మొదట బ్యాటరీ తీగ విప్పవలెను. కెపాసిటరులో నిలువయున్న విద్యుత్తు హరించుటకు తయారీదారు చెప్పినంత సేపు ఆగవలెను. తీసిన సంచిని, ముఖం పైకి ఉండునట్లు పెట్టవలెను. తలక్రిందులుగా పెట్టినప్పుడు అది పేలినచో మొత్తం పైకి ఎగురును. చక్రం క్రింద చుట్టగా ఉండు తీగపట్టీని నడిమి స్థానం నుండి కదలనీయరాదు. కదలినచో తిరిగి బిగించి త్రిప్పినప్పుడు అది తెగును.

నట్టు, శంకువు, చీల, సంచి - ఒక్కొక్కటి ఒక్కొక్క ఆపదకు జవాబుగా వచ్చి చేరినది. వాటిని ఎరుగని చేయి బలంతో పని సాధింప జూచును. ఎరిగిన చేయి వరుసతో సాధించును. హిందూపురంలోగాని, ధర్మవరంలోగాని మెకానిక్కు షెడ్డులో పని నేర్చుకొను బాలునికి మొదట నేర్పవలసినది పానా పట్టుట కాదు, తాను విప్పుచున్న వస్తువు ఏ పనికై అట్లు బిగింపబడినదో ఆలోచించుట.