మూణ్ణెల్ల ముచ్చట: గోధుమ చేలో రన్‌వే

మా ప్రాజెక్టులో ఓ స్క్రిప్టు ఉంది. పైన కామెంటు: "తాత్కాలికం. వచ్చే రిలీజులో తీసెయ్యాలి." రాసింది నేనే, నాలుగేళ్ళ క్రితం. మొన్న శనివారం అర్ధరాత్రి అదే స్క్రిప్టు మొరాయిస్తే నన్ను నిద్రలేపి మరీ బాగుచేయించారు. ఆ తర్వాత నిద్రపట్టక రెండో ప్రపంచయుద్ధం గురించి చదువుతూ కూచున్నా (నాకదో పిచ్చి లెండి). అసలైన "తాత్కాలికం" అంటే ఏంటో అక్కడ తెలిసింది.

1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో దిగాయి. పైనుంచి వాళ్ళకి కాపుకాసే ఫైటర్ విమానాలేమో ఇంగ్లండు నుంచి సముద్రం దాటి రావాలి. స్పిట్‌ఫైర్‌లో పట్టే పెట్రోలే తక్కువ. అందులో చాలా భాగం రానూపోనూ ప్రయాణానికే ఖర్చయిపోతే ఇంక యుద్ధం చేసేదెంతసేపు? అందుకే తీరం చేతికి రాగానే అక్కడే రన్‌వేలు వేసెయ్యాలని ముందే ప్లాను వేసుకున్నారు.

అదీ ఒక్కసారిగా కాదు, అంచెలంచెలుగా. ముందు, దెబ్బతిన్న విమానం ఎలాగోలా దిగడానికి ఓ చదును పట్టీ. తర్వాత పెట్రోలు, తూటాలు నింపుకుని ఎగిరిపోయే పట్టీ. ఆ పైన, విమానాలు అక్కడే మకాం వేసే అడ్వాన్స్‌డ్ లాండింగ్ గ్రౌండ్. మనం ఇంక్రిమెంటల్ డెలివరీ అంటూ స్లైడ్లు వేసుకునేది దీన్నే! పేర్లు కూడా సింపుల్‌గా పెట్టారు: అమెరికన్లవి ఏ-1, ఏ-2... బ్రిటిషువాళ్ళవి బి-1, బి-2...

వీటిలో బి-3 సాంత్-క్రువా-స్యుర్-మేర్ అనే పల్లెలో ఉండేది. బుల్డోజర్లతో గోధుమ చేలు చదును చేశారు. ఇలాంటి చోట్ల నేల మీద పరవడానికి చాపలా చుట్టి తెచ్చుకునే ఇనుపతీగ వల వాడేవారు. సేనలు దిగిన నాలుగు రోజులకల్లా, జూన్ 10న, జానీ జాన్సన్ నాయకత్వంలోని కెనడా స్పిట్‌ఫైర్‌లు అక్కడ దిగి, పెట్రోలు నింపుకుని మళ్ళీ ఎగిరాయి.

అంతా బానే ఉంది కానీ టెస్టింగులో దొరకని బగ్గొకటి ప్రొడక్షన్‌లో బయటపడింది. దుమ్ము! చేను చదును చేశాక పైమట్టి పొడైపోయి, విమానం కదిలితే చాలు మేఘంలా లేచేది. టైఫూన్ విమానాల సేబర్ ఇంజన్లలోకి ఆ గరుకు దుమ్ము పోయి లోపలి భాగాల్ని అరగదీసేసింది. వాటిని ఇంగ్లండు పంపించి హడావుడిగా ఎయిర్ ఫిల్టర్లు బిగించాల్సొచ్చింది. రన్‌వేల మీద నీళ్ళు కూడా చల్లారు. ఏ దేశమైతేనేం, అన్నీ ఆలోచించామనుకున్న డిజైన్‌కి మట్టి చెప్పే పాఠం ఒకటే.

ఆగస్టు 25న పారిస్ విముక్తమైంది. యుద్ధం తూర్పుకి జరిగిపోయింది. విమానాలూ వాటి వెనకే పోయాయి. సెప్టెంబరు వచ్చేసరికి బి-3 పని అయిపోయింది. నేల మళ్ళీ వ్యవసాయానికొచ్చింది. ఇవాళ అక్కడ మిగిలింది పొలాలు, ఒక స్మారక శిల.

కథ ఇక్కడితో ఆపేస్తే "ఆహా, ఏం ప్లానింగు!" అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ రైతు గుర్తొస్తున్నాడు. కోతకి రాని గోధుమ మీద బుల్డోజరు నడిచింది. రన్‌వే తాత్కాలికమే, పోయిన పంట కాదు. అక్కడ్నుంచి ఎగిరి తిరిగిరాని కుర్రాళ్ళ సంగతీ అంతే. అవసరం నిజమే, కాదనను. కానీ "కొన్నాళ్ళకే కదా" అని మనం తేలిగ్గా అనేసే ప్రతిదాని ఖర్చూ ఇంకెవరో కడతారు.

అయినా వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. అది ఎందుకు కడుతున్నారో వాళ్ళకి స్పష్టంగా తెలుసు. కాబట్టి పని ఎప్పుడు అయిపోయిందో కూడా తెలిసింది. నా స్క్రిప్టుకి ఆ రెండోది లేదు.

సోమవారం దాన్ని తీసెయ్యడానికి టికెట్ వేశా. "నడుస్తోందిగా, ఇప్పుడెందుకు?" అన్నాడు మేనేజరు. శనివారం రాత్రి నిద్రలేచింది ఆయన కాదు మరి!