పెంటయ్య, తవిటమ్మ: పేరు పెట్టిందెవరు? తుంచిందెవరు?

పెంటయ్య, తవిటమ్మ, పుల్లయ్య. ఈ పేర్లు చదివితే క్లాసులో నవ్వులు వినిపిస్తాయి. తాత పేరు చెప్పడానికి మన పిల్లలే సిగ్గుపడతారు. శూద్రుడి పేరు ఏవగింపు పుట్టించేలా ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయం చెప్పింది. కాబట్టి ఇవన్నీ పైకులాలు మనకి అంటగట్టిన పేర్లేనని కొందరు మిత్రులు రాస్తున్నారు. అందులో సగమే నిజం. మిగతా సగం మన తల్లుల చరిత్ర.

పుట్టిన బిడ్డలు వరసగా చనిపోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసేవారు. ఆ బిడ్డ పెంటయ్య. ఎంగిలి విస్తరాకుల్లో పొర్లించి తీస్తే పుల్లయ్య. ఇంకో అమ్మకి ఇచ్చేసి, తవుడు కొలిచి మళ్లీ కొనుక్కుంటే తవిటయ్య, తవిటమ్మ. ఇది ఎవరికీ అక్కర్లేని బిడ్డ, వదిలెయ్ అని చావుని నమ్మించడమే ఆ తల్లి ఎత్తు. అంటే పెంటయ్య అన్న పేరు వెనక, పేరు లేకుండానే పోయిన అన్నలూ అక్కలూ ఉన్నారు. మన పేటల్లో చచ్చిపోయిన పసిపిల్లల లెక్క ఏ దొర కాగితాల్లోనూ లేదు. ఈ పేర్లలో ఉంది.

ఇది మన ఒక్కరి కథే కాదు. నైజీరియాలో ఇగ్బో జనం కూడా పేరులో మాట దాస్తారు. చినువా అచేబే 1958లో రాసిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్'లో ఎక్వెఫీ పదిమందిని కంటే తొమ్మిదిమంది పోయారు. వాళ్లలో ఒకడి పేరు ఒన్వుంబికో: చావా, నీకు దండం పెడతాను అని. ఒక పాప పేరు ఒజొయెమెన: మళ్లీ ఇలా జరగొద్దు అని. ఎక్వెఫీ చావుని బతిమాలింది. మన తల్లి చావుని మోసం చేసింది.

మరి అవమానం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఉత్తరాంధ్రలో తవిటినాయుళ్లున్నారు. తెలంగాణలో పెంటారెడ్లున్నారు. అదే నమ్మకం, అదే పేరు. కానీ తవిటినాయుడు ఊళ్లో నాయుడుగారే. మన తవిటయ్య మాత్రం తవిటిగాడు. చూడండి, ఆ తల్లి తవుడు పక్కన 'అయ్య' పెట్టింది, పెంట పక్కన 'అమ్మ' పెట్టింది. బిడ్డకి మర్యాద కూడా పేరులోనే కట్టి ఇచ్చింది. దొర ఆ అయ్యనీ అమ్మనీ కోసేసి 'గాడు', 'ది' తగిలించాడు. ఏవగింపు పేరులో లేదు, పిలిచిన నోట్లో ఉంది.

మన పెద్దలకి ఈ సంగతి బాగా తెలుసు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో పిలిచిన సభకి భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడు. పంచములమన్న మాటనే కాదని, మేం ఈ నేల తొలి మనుషులమని చెప్పి, దాన్ని ఆది ఆంధ్ర మహాసభ చేశారు. 1922లో మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా తీర్మానం పెట్టాక, సర్కారు కూడా పంచమ, పరయ మాటలు తీసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయడం మొదలుపెట్టింది. వాళ్లు మార్చింది ఎదుటివాడు పెట్టిన పేరుని. తల్లి పెట్టిన పేరు వేరు, తిట్టు వేరు.

విద్యార్థి మిత్రులారా, పేరు మార్చుకునే హక్కు మనకుంది, మార్చుకోండి. కానీ ముందు మీ ఇంట్లో మామ్మనీ తాతనీ అడగండి: ఈ పేరు ఎందుకు పెట్టారు, దానికి ముందు ఎంతమంది పోయారు అని. రాసిపెట్టుకోండి. వాళ్లతోపాటు ఆ లెక్క కూడా పోతే, మన చరిత్ర మళ్లీ దొర కాగితాల్లోనే వెతుక్కోవాలి.

జై భీమ్.