ఆట ఎవరి పండక్కి? మార్లవాయి నుంచి మన తండా దాకా

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

రెండు వారాలుగా గ్రూపులో ఒకటే మాట. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి నల్లమాడ చుట్టుపక్కల తండాల నుంచి ఒక డ్యాన్సు టీము కట్టాలని. డ్రెస్సులకు, బండి ఖర్చులకు సాయం చేస్తామని బయటివాళ్లు కూడా ముందుకొచ్చినారు. చానామంది అన్నలు, అక్కలు సరే అన్నారు. నేను మాత్రం ఏమీ రాయలేదు. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక సభకు మా హాస్టల్ ఆడపిల్లల్ని పన్నెండు మందిని తీసుకపోయినారు. అద్దెకు తెచ్చిన పేటియాలు, పెన్‌డ్రైవ్‌లో పాట. పొద్దున తొమ్మిదికి నిలబెడితే మధ్యాన్నం రెండుకు కారొచ్చింది. ఆడింది రెండు నిమిషాలు, ఫోటోలు పది. ఇంటికొచ్చి మా దాదికి చెప్తే ఆమె అడిగింది, "ఏం పండగమ్మీ?" అని. పండగ కాదు దాదీ, మీటింగు అన్నాను. "పండగ లేకుండా ఎందుకు ఆడినారు?" అనింది. నా దగ్గర జవాబు లేకపాయె.

ఆ ప్రశ్న పట్టుకుని లైబ్రరీలో వెతుకుతా పోతే, మనకంటే ముందు ఈ దారిలో నడిచిన ఊరొకటి తగిలింది. మార్లవాయి. తెలంగాణలో, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని గోండుల గూడెం.

కుమురం భీం జోడేఘాట్‌లో చనిపోయింది 1940లో. ఆ తర్వాతనే నిజాం సర్కారుకు గోండుల గోడు ఏందో తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. అప్పటికి హైదరాబాద్ రాజ్యంలో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు, బయట రెండో ప్రపంచ యుద్ధం. ఇంగ్లీషోళ్ల లెక్కలో శత్రుదేశం మనిషి కాబట్టి రాజ్యం దాటి పోయేదానికి లేదు. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండిపోయినారు. 1943లో ఆ ఊళ్లోనే గోండు టీచర్లకు ట్రైనింగు సెంటరు పెట్టినారు, గోండి భాషలో వాచకాలు తయారైనాయి. గోండులకు భూమి పట్టాలు రావడంలో కూడా ఆయన పాత్ర ఉంది. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే సమాధి మార్లవాయిలోనే కట్టినారు. బయటోళ్లతో కలిసి పని చేయడం ఆ ఊరికి అప్పటినుంచే అలవాటు అని నాకనిపిస్తుంది. కాకపోతే వచ్చినాయన ఊళ్లో కాపురం పెట్టినాడు, కారు దిగి ఎక్కి పోలేదు.

ఇంక ఆట సంగతి. గోండులకు దీపావళి రోజుల్లో దండారి పండగ. అందులో దీక్ష పట్టినవాళ్లే గుస్సాడీలు. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, భుజాన జంతువు తోలు, చేతిలో కర్ర. దీక్ష అయిపోయేదాకా స్నానం చేయరు. ఆడవేషం కట్టిన మగపిల్లలు వెంట వస్తారు, వాళ్లను పోరిక్‌లు అంటారు. దండు కట్టి ఒక ఊరు ఇంకో ఊరికి అతిథిగా పోతుంది, ఆ ఊరోళ్లు కాళ్లు కడిగి అన్నం పెడతారు, రాత్రంతా ఆట. పెళ్లి సంబంధాలు కూడా ఆ రాకపోకల్లోనే కుదిరేవి. చివర కొలబోడితో ముగింపు. అంటే రెండు ఊర్ల మధ్య చుట్టరికం నిలబెట్టే పని ఆ ఆటది. చూసేవాళ్ల కోసం కట్టిన వేషం కాదు.

దీన్ని బయటికి తెచ్చింది అదే మార్లవాయి మనిషి, కనకరాజు. గుస్సాడి రాజు అనేవాళ్లు. 1980ల మొదట్లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవాల్లో, ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్నప్పుడు, తన దండుతో ఆడినాడు. తర్వాత ఎందరో పిల్లలకు నేర్పినాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో, దీపావళి ఇంక వారం లోపే ఉందనగా, చనిపోయినాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి పోలేను. గణతంత్ర దినం జనవరిలో. దండారి దీపావళికి. దీక్షలో కట్టాల్సిన టోపీ జనవరి చలిలో పరేడ్‌కు కడితే అది దీక్షా, డ్రెస్సా? నాకైతే డ్రెస్సే అనిపిస్తుంది. మరి ఆట ఎందుకు చెడిపోలేదు? ఢిల్లీ నుంచి తిరిగొచ్చినాక కూడా వాళ్ల ఊర్లో దండారి ఉంది కాబట్టి. జనవరిలో తప్పిన లెక్క దీపావళికి సరి అవుతుంది. తప్పుగా అడుగేస్తే చెప్పే పెద్దోళ్లు అక్కడ కూర్చునే ఉంటారు. ప్రభుత్వం కూడా ఐటీడీఏ ద్వారా ఒక్కో దండారి బృందానికి 10,000 రూపాయలు ఇచ్చిన ఏళ్లున్నాయి. చిన్న మొత్తమే. కానీ ఆ డబ్బు వాళ్ల పండక్కి, వాళ్ల ఊళ్లోనే ఖర్చయింది. స్వాగతం పలికేదానికి ఇచ్చిన కూలి కాదు అది.

అరకులో థింసా వేరే దారి పట్టింది. టూరిస్టులు రిసార్టులో భోజనం చేస్తా చూస్తారు. దానివల్ల కొన్ని ఇండ్లలో పొయ్యి వెలుగుతుంది, కాబట్టి తేలిగ్గా తప్పు పట్టను.

సుగాలీ పిల్ల గోండుల గురించి ఎందుకు రాస్తాంది అని కొందరికి అనిపించొచ్చు. 2017లో ఆదిలాబాద్ వైపు ఆదివాసీలకు, లంబాడాలకు ఎస్టీ హోదా మీద ఎంత గొడవ జరిగిందో తెలుసు. అది తేల్చే శక్తి నాకు లేదు. కానీ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంటే నేర్చుకోవడానికి గొడవ అడ్డం కాకూడదు.

మన చరిత్ర వేరే. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసే లదేని మనది. రైళ్లొచ్చి ఆ బతుకు పోయింది. 1871 నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా తెచ్చినారు. గుంపుగా కదిలే మనిషంటేనే పోలీసుకు అనుమానం. ఆ చట్టం 1952లో పోయింది. గుంపుగా తిరిగితేనే నేరమన్న కాలం దాటి మన ఆడోళ్లు గుండ్రంగా నిలబడి చప్పట్లు కొట్టి ఆడే ఆట నిలిచింది. దాన్ని కారు రాకకు కొలమానంగా వాడుకుంటే నాకు కడుపు మండుతుంది.

మా దాది చెప్పే తీజ్ మీలో ఎంతమంది చూసినారు? పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు నాటి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, రోజూ పాడి ఆడి, చివర చెరువులో కలుపుతారు. మా తండాలో అది ఆగి చానా ఏండ్లయింది. చెరువు ఎండింది, శెనక్కాయ పంట పోయింది, ఆడపిల్లలు అమ్మానాన్నల వెంట బెంగళూరు బిల్డింగు పనులకు పోయినారు. ఆట మనం మర్చిపోలేదు, ఆడే రోజు పోగొట్టుకున్నాం.

అందుకని నేను అడిగేది ఇది. సాయం చేస్తామన్న వాళ్లను వద్దనొద్దు. ఆగస్టు 9కి ముందు శ్రావణంలో ఒక్క తండాలోనైనా తీజ్ పెట్టేదానికి ఆ సాయం అడుగుదాం. బెంగళూరు నుంచి ఆడపిల్లలు వచ్చిపోయే బస్సు ఛార్జీలు, ఒక ట్యాంకరు నీళ్లు, నేర్పే ముసలమ్మలకు రోజు కూలి. పాట పెన్‌డ్రైవ్‌లో వద్దు, వాళ్ల నోటితోనే. అక్కడ ఆడినాక, ఆ పిల్లలకే ఇష్టమైతే, స్టేజీ ఎక్కుదాం. ఎంతసేపు ఆడాలో ముసలమ్మలే చెప్తారు.

ఈ ఆదివారం ఊరికి పోతున్నాను. పాటలు పూర్తిగా వచ్చినోళ్లు మా తండాలో ముగ్గురే ఉన్నారంట, ఒకామెకు వినపడదు. మీ తండాల్లో ఎవరున్నారో, నగారా ఎవరింట్లో ఉందో కింద రాయండి.