ఊరికి ఎరుకే, దొరకే తెలియదు

సూపర్ హీరో కథలకు ఒక కట్టుబాటుంది. వీరుడికి రెండు బతుకులుండాలి. పగలు అతను నోట్లో నాలుక లేని మనిషి, ఆపద వస్తే ఆకాశంలో ఎగిరే మొనగాడు. ఇద్దరూ ఒకడేనని పక్కన పనిచేసే అమ్మాయికి కూడా తెలియకూడదు. అమెరికాలో 1938 జూన్ నెల వేసుకుని వచ్చిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్‌ను పుట్టించింది ఈ కట్టుబాటు మీదే. కళ్లజోడు పెట్టుకుంటే విలేకరి క్లార్క్ కెంట్, తీసేస్తే సూపర్‌మ్యాన్.

చదువుకున్నవాళ్లకు ఇది నవ్వులాట. మన జానపద సినిమాలను చూసి కూడా వాళ్లు ఇలాగే నవ్వారు. దవడ మీద ఒక పులిపిరి, పెదవి మీద ఒక మీసం అతికించుకుంటే నిన్న కత్తి దూసిన సేనాపతి ఇవ్వాళ గుర్తుపట్టడా అని. జనం తెలివితక్కువ వాళ్లు కాబట్టే ఆ సినిమాలు ఆడాయని పత్రికల్లో రాసినవాళ్లూ ఉన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. వాళ్లు సినిమా చూసి రాశారు. నేను సినిమా చూసే జనాన్ని చూశాను.

నాది ఆపరేటర్ పని. మా త్రిపురారం చుట్టుపక్కల డేరా వేసిన టూరింగ్ టాకీసుల్లోనూ, ఆ తరువాత మిర్యాలగూడలోనూ ప్రొజెక్టర్ తిప్పాను. టూరింగ్ టాకీసులో మిషను ఒక్కటే. రీలు అయిపోగానే ఆపాలి, దీపం వేయాలి, ఇంకో రీలు ఎక్కించాలి. మధ్యలో కార్బన్ కడ్డీలు కాలి ఎడం పెరిగితే వెలుతురు తగ్గుతుంది, నేలలోంచి ఈలలు మొదలవుతాయి. అందుకని ఆపరేటర్ కన్ను ఎప్పుడూ గోడలో ఉన్న కంత దగ్గరే ఉంటుంది. ఒకే బొమ్మ వారంపాటు ఆడితే తెర మీద చూడ్డానికేముంటుంది? చూపు తెర దిగి జనం మీదికి పోతుంది. నేల, బెంచీ, కుర్చీ అన్ని తరగతులూ ఆ కంతలోంచి కనబడేవి.

అలా చూసే నాకు తెలిసింది. మారువేషంలో వచ్చిన రాకుమారుణ్ణి మొదటి క్షణంలో గుర్తుపట్టేది నేలలో కూర్చున్న ఆడవాళ్లు. "వచ్చిండే!" అని ఒకరి మోచెయ్యి ఒకరు పొడుచుకునేవాళ్లు. సేనాపతి వేషంలో రాజనాల ఆ రాకుమారుణ్ణే పిలిచి "ఆ దొంగను పట్టుకొస్తే బహుమానం ఇస్తా" అంటుంటే డేరా అంతా గొల్లుమనేది. వాళ్ల సంతోషం వేషం బాగుందని కాదు. మనకు తెలిసింది వాడికి తెలియదని. పులిపిరి పెద్దదైనకొద్దీ, మీసం దొంగదని తెలిసిపోతున్నకొద్దీ ఆ సంతోషం పెరిగేది. నిజంగా గుర్తుపట్టలేనంత గొప్ప మేకప్ వేస్తే ఆ సీను చచ్చిపోతుంది.

ఈ మారువేషాల విద్యలో ఆరితేరిన హీరో మా దిక్కువాడే. తాడేపల్లి లక్ష్మీకాంతారావు కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టాడు. 1953లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'ప్రతిజ్ఞ'తో హీరో అయ్యాడు. 1955లో 'జయసింహ'లో ఎన్.టి. రామారావుకు తమ్ముడిగా వేశాడు. తరువాత బి. విఠలాచార్య చేతిలో పడి కత్తి కాంతారావు అయ్యాడు. 'కనకదుర్గ పూజామహిమ' 1960లో, 'గురువును మించిన శిష్యుడు' 1963లో, 'నవగ్రహ పూజామహిమ' 1964లో, 'జ్వాలాద్వీప రహస్యం' 1965లో వచ్చాయి. మా దగ్గరికి ఆ ప్రింట్లు వచ్చేసరికి ఒళ్లంతా అతుకులు, గీతలు. వాన కురుస్తున్నట్టుండేది తెర. అయినా గుడిబండ పిలగాడు గుర్రమెక్కితే కోదాడ నుంచి హాలియా దాకా అందరికీ సొంత చుట్టమే గుర్రమెక్కినట్టుండేది.

విఠలాచార్యది ఉడిపి దగ్గరి ఉద్యావర. తక్కువ ఖర్చుతో దయ్యాలనూ అస్థిపంజరాలనూ ఆడించడం ఆయనకు కొట్టిన పిండి. డబ్బు దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి మాంత్రికుడి శాపంతో చిలకగా మార్చేసి, మిగతా షూటింగ్ చిలకతోనే కానిచ్చేవాడని సినిమావాళ్లు చెప్పుకునే కథ ఉంది. నిజమో కాదో గానీ, ఆ కథను నమ్మబుద్ధేస్తుంది. ఎందుకంటే ఆయన సినిమాల్లో ఆకారానికి విలువ లేదు. రాకుమారుడు మేకైనా, ముసలివాడైనా, బందిపోటైనా రాకుమారుడే. ఆ సంగతి నేలలో కూర్చున్నవాళ్లకు తెలిస్తే చాలు.

మిగతా కట్టుబాట్లను కూడా పక్కపక్కన పెట్టి చూడండి. సూపర్‌మ్యాన్ పుట్టిన లోకం పేలిపోయింది, ఎవరో రైతు దంపతులు పెంచారు. 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ అమ్మానాన్నల్ని ఒక దొంగ కాల్చేశాడు. 1962లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ తల్లీతండ్రీ లేక పెదనాన్న ఇంట్లో పెరిగాడు. మన రాకుమారుడూ అంతే. దుష్టమంత్రి తండ్రిని చంపితే నమ్మినబంటు పసివాణ్ణి ఎత్తుకుని అడవికి పోతాడు, ఏ కోయగూడెంలోనో గొల్లవాళ్ల దగ్గరో పెరుగుతాడు, మెడలో తాయెత్తో భుజం మీద మచ్చో చివర్లో సాక్ష్యం చెబుతుంది. కవలలైతే ఒకణ్ణి కొడితే ఇంకొకడికి నొప్పి పుడుతుంది. 1964 నాటి 'అగ్గిపిడుగు'లో రామారావు వేసిన ఇద్దరికీ అదే బాధ. ఆ కథ మూలం ఫ్రాన్సువాడు అలెగ్జాండర్ డ్యూమా రాసిన కోర్సికా అన్నదమ్ములది. అంటే ఇవి అక్కడివీ ఇక్కడివీ అని గీత గీయలేం.

రెండు బతుకుల కట్టుబాటు మాత్రం మనకు అమెరికా నుంచి రాలేదు. బారనెస్ ఓర్ట్సీ 1905లో మారువేషాల దొర 'స్కార్లెట్ పింపర్నెల్' నవల అచ్చు వేయించడానికి, 1919లో జోరో ముసుగు కట్టడానికి ఎంతో ముందే మనకు విరాటపర్వం ఉంది. తిక్కన తన భారతాన్ని అక్కడినుంచే మొదలుపెట్టాడు. పాండవులు పన్నెండేళ్లు అడవిలో ఉన్నా ఫర్వాలేదు, పదమూడో ఏడాది మాత్రం ఎవరి కంటా పడకూడదు. పడితే మళ్లీ పన్నెండేళ్లు. ధర్మరాజు కంకుభట్టయ్యాడు, భీముడు వంటలవాడు వలలుడు, అర్జునుడు బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. బట్టలు మార్చుకుంటే సరిపోదని వాళ్లకు తెలుసు కాబట్టి ఆయుధాల్ని శవంలా మూటగట్టి జమ్మిచెట్టు మీద దాచారు. తమలో తాము పిలుచుకోవడానికి జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అని గుప్తనామాలు వేరే పెట్టుకున్నారు. రహస్యంగా బతికేవాడికి కావలసిన సరంజామా మొత్తం ఆ పర్వంలో ఉంది.

వానలు ముఖం చాటేస్తే విరాటపర్వం చదివించడం తెలుగు ఊళ్లలో పాత వాడుక. సాగర్ ఎడమ కాలువ నీళ్లు రాకముందు మాదీ వాన కోసం మొగులు చూసే నేలే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది. మెల్లగా మా మడులు తడిశాయి, వరి పండింది, కోతల తరువాత చేతిలో నాలుగు పైసలు ఆడాయి, టూరింగ్ టాకీసులు వచ్చాయి. వానకోసం విన్న కథే వరి పండాక డేరాలో బొమ్మగా కనబడింది. 1963 నాటి 'నర్తనశాల'లో బృహన్నల రామారావు, కృష్ణుడు మన కాంతారావు. కీచకుడిగా ఎస్.వి. రంగారావు సైరంధ్రి వైపు చూస్తుంటే వెనక బెంచీలోంచి "ఆమె ఎవలనుకున్నవ్‌రా?" అని కేకలు. వాడికి చెప్పకూడదని తెలుసు, చెప్పకుండా ఉండలేరు.

అయితే మా జనానికి ఈ ఆట అంత బాగా ఒంటబట్టడానికి కారణం పుస్తకాలూ సినిమాలూ మాత్రమే కాదు. వాళ్లు దాన్ని బతికి వచ్చారు. సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాల్లో నిజాం కాలంలో గడీల్లోని దొరల రాజ్యం. 1946 జూలై 4న కడవెండిలో, దొరలకు ఎదురు తిరిగిన సంగంలోని దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఆ సంగం దళాలు కట్టింది. దొరలతో మొదలై నిజాం రజాకార్లతో ముదిరిన ఆ పోరు 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక మిలిటరీతో నడిచి 1951 అక్టోబరు దాకా సాగింది. ఆ ఐదేళ్లూ ఇక్కడి ఊళ్లలో ఎంతమంది రెండు పేర్లతో బతికారో! సూర్యాపేట దిక్కు కరివిరాల కొత్తగూడెం ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం దళంలో రాజక్క అయింది. ఆమె తల మీద సర్కారు పది వేల రూపాయలు కట్టింది. ఆమె అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి దళాలు నడిపినవాడు, తరువాత రోజుల్లో ఈ మిర్యాలగూడ నుంచే పార్లమెంటుకు వెళ్లాడు. వాళ్లది పొలాలున్న పెద్దింటి పుట్టుక.

మా అమ్మ అప్పటికి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. రాత్రిపూట వచ్చేవాళ్లకు గట్క వండి, ఉల్లిగడ్డ పెట్టేది. వాళ్లలో ఒకాయన పగలు ఇదే ఊళ్లో మేకలు కాసేవాడట. రాత్రి వేరే పేరు, భుజాన బర్మారు తుపాకీ. మిలిటరీవాళ్లు వచ్చి వరసగా నిలబెట్టి అడిగితే అందరిదీ ఒకటే మాట, "మాకెర్కలేదు సారూ." ఆయన కూడా ఆ వరసలోనే నిలబడి అదే మాట చెప్పాడట. "నీకు భయం కాలేదానే?" అని అడిగితే మా అమ్మ అనేది, "భయమెందుకు గాదు బిడ్డా. గానీ ఒక్కరు నోరు జారితే ఊరు ఊరే పోతది. గందుకే పసిపిలగాండ్లు గూడ మాట్లాడకపోయెటోళ్లు."

ఇక్కడే అమెరికా కథకూ మా కథకూ తేడా తెలుస్తుంది. జోరో జమీందారు కొడుకు. బ్యాట్‌మ్యాన్ కోటీశ్వరుడు, ఆయన గుట్టు తెలిసినవాడు ఇంట్లో నౌకరు ఆల్‌ఫ్రెడ్. అక్కడ ముసుగు వేసుకునేది దొర, రహస్యం ఆయన సొంత ఆస్తి, ఇష్టమైన ఇద్దరికి చెప్పుకుంటాడు. ఇక్కడ రహస్యం ఊరుమ్మడి. జీతగాడికి తెలుసు, చాకలామెకు తెలుసు, నీళ్లు మోసే పిల్లకు తెలుసు, గడీలో ఉన్నాయనకు తప్ప. పెద్దింట పుట్టిన రాజక్కను కూడా కాపాడింది ఆ పుట్టుకా కాదు, వేషమూ కాదు. తెలిసి కూడా తెలియదన్న వందల నోళ్లు.

అమెరికావాళ్లలో ఈ కిటుకు కొంత పట్టుకున్నవాడు లీ ఫాక్. 1936 ఫిబ్రవరిలో ఆయన మొదలుపెట్టిన ఫాంటమ్ చావులేని మనిషని లోకం నమ్ముతుంది. నిజానికి తండ్రి తరువాత కొడుకు ఆ ముసుగు వేసుకుంటూ వస్తున్నారు. అది అడవిలోని బందార్ తెగకు తెలుసు, వాళ్లు చెప్పరు. 1964 మార్చిలో ఇంద్రజాల్ కామిక్స్ మన దేశంలో మొదలైనప్పుడు ముందుగా వేసింది ఫాంటమ్‌నే. సూపర్‌మ్యాన్ కన్నా ఫాంటమ్ మనవాళ్లకు ముందు దగ్గరయ్యాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

మన సినిమా తరువాత దారి మార్చింది. 1977లో 'అడవి రాముడు' వచ్చింది. అడవిలో తిరిగే రాము నిజానికి ఫారెస్టు ఆఫీసరు. ఆ సంగతి విలన్‌తోపాటు మనకూ ఆలస్యంగానే తెలుస్తుంది. 1999లో 'సమరసింహారెడ్డి'లో హోటలు పనివాడు, 2002లో 'ఇంద్ర'లో కాశీలో టాక్సీ తోలే శంకర్‌నారాయణ, 2003లో 'సింహాద్రి'. అన్నింటిలోనూ కథ సగంలో ఒక పెద్ద రహస్యం విప్పుతారు, తరువాత ఫ్లాష్‌బ్యాకు. మిర్యాలగూడ హాల్లో ఆ రీలు వచ్చేటప్పుడు పైకప్పు ఎగిరిపోయేంత అరుపులు. ఆ అరుపుల్ని నేను తక్కువ చేయను. కానీ పూర్వం నేలలో కూర్చున్నవాడికి ముందే తెలిసేది, విలన్ ఒక్కడే వెర్రివాడయ్యేవాడు. ఇప్పుడు మనల్ని కూడా తీసుకెళ్లి విలన్ పక్కన కూర్చోబెట్టారు. మోచెయ్యి పొడుచుకునే పని పోయింది, నోరు తెరుచుకుని చూసే పని మిగిలింది.

1980లో రామారావు 'సూపర్‌మ్యాన్' అని కూడా వేశాడు. శక్తి ఇచ్చేది హనుమంతుడు. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ 'హను-మాన్'లోనూ శక్తి అక్కడినుంచే. అందులో నాకు నచ్చింది మాత్రం విలన్ చిన్నతనం. సూపర్ హీరోలకు తల్లిదండ్రులు ఉండరని గమనించిన ఆ పిల్లవాడు సొంత అమ్మానాన్నల్ని చంపేస్తాడు. కట్టుబాటును పట్టుకుని అది ఎందుకు పుట్టిందో వదిలేస్తే ఏమవుతుందో అంతకన్నా బాగా చెప్పలేం. అనాథ అయినందుకు ఎవడూ వీరుడు కాలేదు. అనాథను ఎవరో పరాయివాళ్లు ఎత్తుకుని పెంచారు, అందుకు వాళ్ల రుణం తీర్చాడు.

ముసుగు సంగతీ అంతే. మా దిక్కు పిల్లలు ఇప్పుడు సెల్‌ఫోన్లతో షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు, వాటిలో సూపర్ హీరోలూ ఉన్నారు. ముసుగు ఎలా ఉండాలి, కేప్ ఏ రంగు అని మాట్లాడుకుంటారు. నన్నడిగితే ముందు ఒక లెక్క రాసుకోమంటాను: వీడు ఎవరో ఎంతమందికి తెలుసు, తెలిసినవాళ్లు ఎందుకు చెప్పడం లేదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరికిందంటే కథ దొరికినట్టే. అప్పుడిక ముసుగు గుడ్డ చిరిగినదైనా, మీసం ఊడిపోతున్నా నేలలో కూర్చున్నవాళ్లు ఏమీ అనరు.