గలతీయుల పూర్వీకులు, సింధూర వనంలో పూజారులు



పోయిన బుధవారం బైబిల్ స్టడీలో గలతీ పత్రిక మొదలుపెట్టాం. మొదటి అధ్యాయం సగంలో ఉండగానే వెనక వరసలోంచి ఒక తమ్ముడు లేచాడు. "అయ్యగారూ, ఎఫెసు అంటే ఊరు, కొరింథు అంటే ఊరు. మరి గలతీయ అంటే ఊరా, మనుషులా?" ఆ రాత్రి సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే అయింది, ఓపికగా చదవండి.

గలతీయ మనుషుల పేరు మీద వచ్చిన దేశం. ఇప్పటి ఫ్రాన్స్, బ్రిటన్, ఐర్లాండ్ ప్రాంతాల్లో ఒకప్పుడు కెల్టులనే జనాంగాలు ఉండేవి. ఫ్రాన్స్ వైపు వాళ్ళని రోమీయులు గాలులు అన్నారు. అదే జాతికి చెందిన మూడు తెగలు క్రీ.పూ. 278లో ఇప్పటి టర్కీలోకి దాటి, అంకారా చుట్టుపక్కల స్థిరపడ్డాయి. గ్రీకులు వాళ్ళని గలతీయులని పిలిచారు. పౌలు రాసింది ఆ తెగలవారికేనా, లేక అదే రాష్ట్రంలో దక్షిణాన ఉన్న ఈకొనియ, లుస్త్ర, దెర్బే సంఘాలకా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మట్టుకు నాకు దక్షిణ పట్టణాల వాదనే బలంగా కనిపిస్తుంది. ఏదైనా ఆ పేరు మాత్రం ఈ కెల్టులదే.

స్ట్రాబో అనే భూగోళ రచయిత వీళ్ళ గురించి ఒక మాట రాశాడు. 300 మంది పెద్దలు ద్రునెమెటాన్ అనే చోట కూడి హత్య కేసులు విచారించేవారట. ఆ పేరుకి ఓక్ చెట్ల పవిత్ర వనం అని అర్థం చెబుతారు. ఓక్ అంటే మన తెలుగు బైబిల్‌లో సింధూర వృక్షం అని చదువుకుంటాం. అబ్రాహాము గుడారం వేసుకున్న మమ్రే వనం గుర్తుకొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది.

ఆ సింధూర వనాల పూజారులే డ్రూయిడ్లు. గలతీయలో డ్రూయిడ్లు ఉన్నట్టు పాతవాళ్ళెవరూ రాయలేదు. వాళ్ళ సంగతి మనకు తెలిసింది గాలు దేశం నుంచి, బ్రిటన్ నుంచి. ఎక్కువ వివరం ఇచ్చినవాడు జూలియస్ సీజర్. క్రీ.పూ. 58 నుంచి గాలు మీద యుద్ధం చేస్తూ రాసుకున్న పుస్తకంలో ఒక భాగం వీళ్ళకే ఇచ్చాడు. బలులు వాళ్ళ చేతి మీదుగానే జరగాలి. హత్య జరిగినా, ఆస్తి తగాదా వచ్చినా, పొలం గట్టు దగ్గర గొడవైనా తీర్పు వాళ్ళదే. ఏడాదికోసారి దేశం నడిమధ్య అనుకునే చోట కూడి తీర్పులు చెప్పేవారు. పన్ను లేదు, యుద్ధానికి వెళ్ళే పని లేదు. తీర్పు వినని వాణ్ని బలుల నుంచి వెలివేసేవారు. వెలిపడ్డవాడు ఎదురొస్తే జనం తప్పుకుని పోయేవారు, వాడికి న్యాయం అడిగే హక్కు కూడా పోయేది. ఈ భాగం చదివినప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. సంఘంలో మనం వేసే వెలి కూడా ఒక్కోసారి ఇంత కఠినంగానే ఉంటుంది కదా.

వాళ్ళ బోధల్లో ముఖ్యమైనది ఆత్మకు చావు లేదన్నది. చనిపోయాక ఆత్మ ఇంకొకరిలోకి వెళుతుందని నేర్పేవారు. అందుకే వాళ్ళ యోధులకి చావంటే భయం ఉండేది కాదని సీజర్ అంటాడు. మనం నమ్మే పునరుత్థానం ఇది కాదు. నక్షత్రాల గమనం, భూమి విస్తీర్ణం, దేవతల శక్తి కూడా పిల్లలకి నేర్పేవారు. కొందరు 20 ఏళ్ళ పాటు చదివేవారట, అదీ అంతా కంఠస్థమే. అక్షరాలు రాక కాదు. లెక్కాపత్రాలకి గ్రీకు లిపి వాడేవారు. పవిత్రమైన మాటని మాత్రం రాయకూడదని నియమం. రాస్తే అది అందరి చేతుల్లో పడుతుందని, జ్ఞాపకం మొద్దుబారుతుందని భయం.

ప్లినీ అనే ఇంకో రోమీయుడు ఒక పూజని వర్ణించాడు. నెలవంక పుట్టిన ఆరో రోజున, తెల్లబట్టలు కట్టిన డ్రూయిడ్ సింధూర వృక్షం ఎక్కి, బంగారు కొడవలితో దాని మీద పెరిగిన బదనికను కోస్తాడు. కింద తెల్లగుడ్డ పట్టుకుంటారు. తర్వాత రెండు తెల్లని ఎడ్లను బలి ఇస్తారు. మన తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో రైతులు చెట్టుకి చేటని కోసి పారేసే బదనిక లాంటిదే అది. వాళ్ళకేమో అన్ని రోగాలకీ మందు.

నరబలి సంగతీ చెప్పాలి. కొమ్మలతో పెద్ద మనిషి ఆకారాలు అల్లి, అందులో మనుషుల్ని పెట్టి కాల్చేవారని సీజర్ రాశాడు. ఇది పూర్తిగా అబద్ధమని నేననను. కానీ రాసినవాడు ఆ దేశాన్ని జయించడానికి వెళ్ళినవాడు. అదే గాలు దేశంలో, లియాన్ పట్టణంలో, క్రీ.శ. 177లో మన క్రైస్తవుల మీద మనుషుల మాంసం తింటారని నేరం మోపి చంపారు. జయించేవాడు రాసిన దాన్ని చదివేటప్పుడు మన చెయ్యి కొంచెం వణకాలి.

సీజర్ దాచిన ఒక సంగతి కూడా ఉంది. దివిటియాకస్ అనే గాలు నాయకుడు అతనికి దగ్గరి మిత్రుడు, చాలా పేజీల్లో కనిపిస్తాడు. అతను డ్రూయిడ్ అని మనకు సిసెరో రాసిన దాన్నిబట్టి తెలుస్తుంది, అతను సిసెరోకి స్వయంగా పరిచయం. సీజర్ మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా అనడు. ఎదురుగా కూర్చుని మాట్లాడిన మిత్రుడొకడు, పుస్తకంలో వర్ణించిన వింత పూజారులు వేరొకరు అన్నట్టు రాసుకున్నాడు.

తర్వాత చక్రవర్తులు డ్రూయిడ్ మతాన్ని అణిచేశారు. పూర్తిగా రద్దు చేసినవాడు క్లౌదియ. అవును, అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో యూదుల్ని రోమా విడిచి పొమ్మన్న ఆ క్లౌదియే. అకుల, ప్రిస్కిల్ల ఇల్లు వదిలి కొరింథుకి వచ్చింది అతని ఆజ్ఞ వల్లనే. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమా సైన్యం బ్రిటన్ పక్కనున్న మోనా దీవి మీద పడింది. ఒడ్డున డ్రూయిడ్లు చేతులు పైకెత్తి శపిస్తుంటే సైనికులు కాసేపు బిగుసుకుపోయారట. తర్వాత అందరినీ నరికి, వనాలనీ నరికేశారు. కంఠంలో ఉన్నదంతా కంఠంతోనే పోయింది.

ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేశాను. మన రోడ్డు ఇటు విజయవాడ నుంచి వచ్చి అటు కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోతుంది. ఆ అడవుల్లో కోయలున్నారు. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి మేడారంలో వాళ్ళ వడ్డెలు చిలకలగుట్ట మీద నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను తీసుకొస్తారు. విగ్రహం లేదు, చెట్ల కింద గద్దెలున్నాయి. వాళ్ళ వంశ చరిత్రలు కంఠస్థంగా పాడేవాళ్ళు డోలీలు. అలా పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో చనిపోయారు.

మన సంఘంలోనూ ఆ వైపు నుంచి మిరప కోతలకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం ఒకటి ఉంది. ఆ పెద్దాయన డోలీ. బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆ పాటలు ఇక వద్దని నేనే చెప్పాను. అవేమిటో ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన ఎదురు మాట్లాడలేదు, మానేశారు. క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కానీ తాత ముత్తాతల పేర్లు, వలస వచ్చిన దారులు, కరువు సంవత్సరాలు కూడా ఆ పాటల్లో ఉంటాయని తర్వాత తెలిసింది. అప్పటికి ఆయన ప్రభువులో నిద్రించారు.

మనకంటే ముందు వచ్చినవాళ్ళు ఇంత తొందరపడలేదు. 1860లో గోదావరి పనుల మీద దుమ్ముగూడెం వచ్చిన ఇంజనీరు హేగ్ కోయల మధ్య మిషను మొదలుపెట్టారు. తర్వాత అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ దొర సువార్త చెబుతూనే కోయల ఆచారాలు, కథలు విని రాసిపెట్టారు. అందులో దొర చూపు ఉంది, నిజమే. అయినా నూరేళ్ళు దాటాక కోయల గురించి రాసేవాళ్ళు ఇంకా ఆయన రాసింది తిరగేస్తున్నారు. ఐర్లాండ్‌లో రోమా సైన్యం అడుగుపెట్టలేదు, అక్కడికి సువార్తే వెళ్ళింది. అక్కడి పాత వీరుల కథల్ని, డ్రూయిడ్లు కనిపించే కథలతో సహా, రాసి దాచింది క్రైస్తవ మఠాల్లోని సన్యాసులే.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పెద్దాయన మనవరాలిని ఆపి అడిగాను, తాతయ్య పాటలు ఏమైనా గుర్తున్నాయా అమ్మా అని. నా ముఖం వంక చూసి, "మీరే వద్దన్నారు కదా అయ్యగారూ" అంది. అన్నానమ్మా, తప్పు చేశాను అన్నాను. కాసేపు నేల చూసి, కోయ భాషలో రెండు వరసలు పాడింది. మూడోది రాలేదు. వాళ్ళ పెద్దమ్మకి ఇంకొంచెం వచ్చట, ఆమె చర్ల దగ్గర ఉంటుందట. వచ్చే నెల వెళదామనుకుంటున్నాం. కోయ భాష, తెలుగు రెండూ బాగా రాయగలిగిన వాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఆదివారం నన్ను కలవండి.