నార్వే కడలి అడుగున హిమము విడిచిన జాడలు

తీరమునుండి దూరమగుకొలది సముద్రము లోతగుట లోకమెరిగిన ధర్మము. నార్వే దక్షిణతీరమున ఈ ధర్మము తలక్రిందులై యున్నది. ఉత్తర సముద్రపు దక్షిణ మధ్య భాగములందు చాలచోట్ల నూరు మీటర్ల లోతైనను లేదు. అట్టి కడలిని దాటి నావ నార్వే తీరమును సమీపించునప్పటికి దాని క్రింది నేల హఠాత్తుగా క్రుంగి, స్కాగరాక్ జలసంధియందు 700 మీటర్లకు దిగిపోవును. నార్వే కందకమని పేరొందిన ఈ లోయ తీరమును అంటిపెట్టుకొని పడమరగను పిమ్మట ఉత్తరముగను వందలకొలది కిలోమీటర్లు సాగి, ఖండతీరపు అంచు ముగిసి అగాధము ఆరంభమగుచోట తెరచుకొనును. ఒడ్డు ప్రక్కన ఇంత లోతు ఎట్లేర్పడెనను ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

పూర్వులకు సముద్రతలమును తెలిసికొను సాధనమొక్కటే: త్రాటికి సీసపు గుండు కట్టి దింపుట. ఒక్కొక్క దింపునకు ఒక్కొక్క అంకె లభించునే కాని, రెండు అంకెల నడుమ గట్టున్నదో గుంటయున్నదో చెప్పువాడు లేడు. ధ్రువయాత్రికుడుగా ప్రసిద్ధి కెక్కిన ఫ్రిడ్యోఫ్ నాన్సెన్ ఇట్టి కొలతలను ఓపికతో ప్రోగుచేసి, 1904లో ఉత్తర ధ్రువసముద్రముల లోతులపై బృహద్గ్రంథమును ప్రకటించెను. తీరమువెంబడి సాగు లోతైన కాలువలు భూపటలపు పగుళ్లవలన కలిగినవని ఒలాఫ్ హోల్టెడాల్ వంటి నార్వే భూగర్భశాస్త్రజ్ఞులు నమ్మిరి. కొలతలు కొలదిగానున్న కాలమున ఆ నమ్మకము అసంగతమనిపించుకొనలేదు.

మంచును అనుమానించినవారు అంతకుముందే లేకపోలేదు. 1824లో క్రిస్టియానియా (నేటి ఓస్లో) విశ్వవిద్యాలయపు ఆచార్యుడు యెన్స్ ఎస్మార్క్, లీసెఫ్యోర్డు సమీపమున సముద్రమట్టమునకు కొంచెమే ఎత్తున లోయకు అడ్డముగ నిలిచిన రాతిమట్టి కట్టనుగూర్చి వ్రాయుచు, దానిని పేర్చినది హిమానీనదమే యనియు, ఒకప్పుడు నార్వే దేశమెల్ల మంచుచే కప్పబడి యుండెననియు సాహసించి చెప్పెను. 1837లో లూయీ అగాసీ స్విట్జర్లండునందు హిమయుగ సిద్ధాంతమును ఉద్ఘోషించినప్పుడు లోకము విన్నదిగాని, పదమూడేండ్లకు ముందే వ్రాసిన ఎస్మార్కు మాటను విన్నవారు కొలదిమందియే. ఆనాటి భూగర్భశాస్త్రమున అగ్రగణ్యుడైన చార్లెస్ లయెల్ మాత్రము, దూరదేశపు రాళ్లను మోసికొనివచ్చినది నీటిపై తేలియాడు మంచుకొండలే యనియు, నేలపై కదలిన మంచు కాదనియు చిరకాలము వాదించెను.

ఇంగ్లండు తూర్పుతీరపు బంకమట్టిలో ఓస్లో పరిసరములందు తప్ప ఆ ప్రాంతమున మరెచ్చటను పుట్టని రాంబ్ పార్ఫిరీ యను రాయి దొరకుచుండెను. సముద్రమును దాటి ఆ రాయి అచ్చటికి ఎట్లు వచ్చెను? గ్లాస్గో నగరమున నొక విద్యాలయమునకు కాపలాదారుగా పనిచేయుచు, అచటి గ్రంథాలయమున స్వయముగా చదువుకొని పండితుడైన జేమ్స్ క్రోల్, స్కాండినేవియా మంచు ఉత్తర సముద్రమును అడుగుదాక నింపివేసి ఆవలి ఒడ్డుదాక వచ్చినదని 1870లో తేల్చెను. ఇట్లు రాళ్లును మన్నును కలగలిపి దింపిపోవుట మంచునకు స్వభావము. మన గోదావరి లోయయందలి తాల్చేరు శిలలలో కానవచ్చు గుండ్రాళ్లు సైతము సుమారు 30 కోట్ల ఏండ్లక్రిందటి మంచు తెచ్చిపెట్టినవే.

లయెల్ పూర్తిగా ఓడెనని చెప్పుట న్యాయము కాదు. 1973లో బెల్డర్సన్, విల్సన్ అను పరిశోధకులు ప్రక్కలకు ధ్వనిని పంపు సోనార్‌తో నార్వే కందకపు పరిసరములను చూడగా, సముద్రతలమున నాగటిచాళ్లవలె వంకరటింకరగా సాగిన గాళ్లు కనబడినవి. మంచుకొండ దేహమున పదింట తొమ్మిది వంతులు నీటిలో మునిగియుండును. ఆ మునిగిన అడుగు నేలకు తగిలి, గాలియు ప్రవాహమును త్రోసిన దిక్కునకెల్ల దున్నుకొనుచు పోయినది. ఆ చాళ్ల గట్లపై తేలిన రాళ్లను ఆశ్రయించి నేడు చల్లనీటి పగడములు పెరుగుచున్నవి. నేలపై ఓడిన సిద్ధాంతమునకు నీటి అడుగున ఇంతటి సాక్ష్యము దొరకుట విచిత్రమే.

సుమారు 21,000 ఏండ్లక్రిందట, సముద్రమట్టము నేటికంటె 120 మీటర్లకు పైగా దిగువనున్న కాలమున, స్కాండినేవియా హిమఫలకము ఖండతీరపు అంచు చివరివరకు వ్యాపించి యుండెను. అందు మంచు అంతటను ఒకే వేగముతో నడువలేదు. కొన్నిచోట్ల అది నదివలె పాయకట్టి వడిగా ప్రవహించినది. అట్టి పాయలే నార్వే కందకమును తొలిచి, అడుగునున్న మెత్తని బురదను పొడవైన సమాంతర గట్లుగ సాగదీసినవి. తొలిచిన మన్నును సముద్రపు వాలుపై గుట్టలుగ కుమ్మరించినవి. ఆ కుమ్మరింపు కొన్నిచోట్ల భరింపరానిదైనది. సుమారు 8,150 ఏండ్లక్రిందట స్టోరెగ్గా యను చోట దాదాపు 3,000 ఘనకిలోమీటర్ల మన్ను ఒక్కుమ్మడి జారిపడగా, లేచిన అల షెట్లండు దీవులను స్కాట్లండు తీరమును ముంచివేసినది. 1997లో కనుగొనబడిన ఓర్మెన్ లాంగె వాయుక్షేత్రము ఆ జారుడుమచ్చలోనే యుండుటచే, గ్యాసు తీయుటకు ముందు ఆ వాలును పరీక్షించుట తప్పనిసరి యయ్యెను.

వీనికంటె నాకు ఆశ్చర్యకరముగా తోచునవి మనిషి ఎత్తును అంతగా మించని చిన్న గట్లు. మంచు కరిగి వెనుకకు తగ్గునప్పుడు, నేలను ఆనియున్న భాగమునకును తేలియాడు భాగమునకును నడుమ ఒక సరిహద్దు ఉండును. పోటు వచ్చినప్పుడు ఆ అంచు నేలనుండి లేచును. పాటు వచ్చినప్పుడు మరల క్రిందికి దిగి, అడుగునున్న బురదను నొక్కి సన్నని గట్టుగ పైకి లేపును. తరువాతి పాటునకు మంచు మరికొంత వెనుకకు తగ్గియుండును గనుక, ఇంకొక గట్టు మొదటిదానికి వెనుకగ లేచును. అనగా దినమునకు రెండు గట్లు. లోతైన నీటిలో అలల తాకిడి లేదు. పైన పేరుకొన్న మన్నును స్వల్పమే. అందుచే అవి చెరగిపోలేదు.

న్యూకాజిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్టీన్ బాచెలర్, ఆమె సహచరులును మధ్య నార్వే తీరమునకు ఆవల దాదాపు 30,000 చదరపు కిలోమీటర్ల సముద్రతలపు పటములను పరిశీలించి, అట్టి గట్లను 7,600కు పైగా గుర్తించి 2023లో ప్రకటించిరి. గట్ల ఎత్తు రెండున్నర మీటర్లకు లోపు. ఒకదానికొకటి దూరము సుమారు 25 మీటర్లనుండి 300 మీటర్లవరకు. దినమునకు రెండు గట్ల లెక్కన, మంచు అంచు రోజునకు 55 మొదలు 610 మీటర్లవరకు వెనుకకు పోయినదని తేలినది. అంతకు మూడేండ్లముందు జూలియన్ డౌడెస్‌వెల్ బృందము అంటార్కిటికాలోని లార్సెన్ ప్రాంతమున ఇట్టి గట్లనే కొలిచి, దినమునకు 50 మీటర్లవరకు తిరోగమనము జరిగినదని చెప్పినప్పుడే అది అధికమని తోచెను.

ఇంతటి వేగమునకు కారణము ఎండ తీవ్రత మాత్రమే యనుకొనరాదు. నేల తీరు ప్రధానము. అడుగు నిటారుగ నున్నచోట మంచు ఒక మీటరు పలుచనైనను సరిహద్దు కొలదిదూరమే కదలును. అడుగు సమతలమై, మంచు తేలుటకు అప్పటికే సిద్ధముగ నున్నచో, ఆ ఒక్క మీటరే విశాలప్రదేశమును ఒకేసారి నేలనుండి పైకి లేపివేయును. అందుచేతనే మహావేగపు గట్లన్నియు సమతల ప్రదేశములందే కానవచ్చినవి. ఆ వేగమును కొన్ని దినములు మొదలు కొన్ని నెలలవరకే నిలిచినది. పిమ్మట మంచు నిమ్మళించినది. హిమఫలకపు క్షయమును శతాబ్దములతో భాగించి సగటు చెప్పు అలవాటు ఎంత మోసకరమో ఇందువలన తెలియును: ఆ సగటు వేగముతోనే మంచు ఎల్లప్పుడును నడిచియుండలేదు.

అంటార్కిటికాలోని థ్వెయిట్స్ హిమానీనదము ఎదుట, సుమారు 700 మీటర్ల లోతున, రాన్ అను మానవరహిత జలాంతర్నౌక తీసిన పటములలో 160కి పైగా గట్లు వరుసగా కనబడినవి. అచట పోటు దినమునకొక్కమారే ప్రధానముగ వచ్చును. పక్షమునకొకమారు బలిసి తగ్గు పోటుల లయ సైతము ఆ గట్లలో చదువవచ్చును. గత రెండు శతాబ్దులలో నెప్పుడో, ఆరు నెలలకు తక్కువ కాలమున, ఆ మంచు ఏడాదికి రెండు కిలోమీటర్లకు పైబడిన వేగముతో వెనుకకు పోయినదని 2022లో ప్రకటించిరి. ఇటీవల ఉపగ్రహములు చూచిన వేగమునకు అది ఇంచుమించు రెట్టింపు. థ్వెయిట్స్ అంచు ఇప్పుడు మరియొక సమతల ప్రదేశమునకు సమీపమున నున్నది. సముద్రమట్టము పెరుగుదలను లెక్కగట్టువారు ఏండ్ల సగటులతో తృప్తిపడక, నార్వే గట్ల లెక్కను సైతము తమ గణనములందు చేర్చుకొనవలసియున్నది.